దాచిపెట్టిన చోటు

ఆదివారం ఉదయం ప్రార్థన గంట మోగే వేళకు ఆదోని మిషను ఆసుపత్రిలో హులిగమ్మ ప్రసవించింది. నర్సు రూతమ్మ బొడ్డు కోసి, మందు అద్ది, ఉడకబెట్టి ఆరేసిన గుడ్డముక్క కట్టి, బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టింది. ఆడపిల్ల. నేల తుడవడానికి ఫినాయిలు నీళ్ల బకెట్టుతో లోపలికి వచ్చిన తిప్పమ్మ, ఎప్పటిలాగే, పని మొదలుపెట్టేముందు తల్లి ముఖం చూసింది. బిడ్డను మొదటిసారి చూసిన తల్లులు ఏదో ఒకటి అంటారు. నల్లగా ఉందనో, వాళ్ల నాయన ముక్కు వచ్చిందనో, ఏమీ లేకపోతే "నా తల్లే" అనో. హులిగమ్మ ఏమీ అనలేదు. కుడి అరచేతితో నోరు మూసుకుని, కళ్లతో మాత్రమే బిడ్డను చూస్తూ ఉంది.

ఆ చెయ్యి ఎందుకు అక్కడ ఉందో తిప్పమ్మకు తెలుసు.

పుట్టిన బిడ్డలు దక్కని ఇంట, తరువాతి బిడ్డను మూడో దినాన చేటలో పెట్టి వీధి చివర చెత్తా పెంటా పోసే కసువు తిప్ప మీద పారేస్తారు. పక్కనే కాచుకుని ఉన్న మరొక ఆడది ఎత్తుకుంటుంది. తల్లి చేటెడు తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కుంటుంది. పారేసిన వస్తువు మీద ఎవరి కన్నూ పడదు. చావు కన్నూ పడదు, దేవుని కన్నూ పడదు. అంతవరకు బిడ్డను పేరు పెట్టి పిలవకూడదు. ఆ తరువాత పెట్టే పేరు కూడా ఎవరికీ ఆశ పుట్టనిదై ఉండాలి. ఎత్తే మనిషి తానూ ఒకప్పుడు తిప్ప మీద పడి బతికినదైతే ఇంకా మంచిది. తిప్పమ్మ అట్లా బతికినది. ఆమె పేరు అక్కడిదే. అందుకే ఆదోనిలో తన వాడవాళ్లు ఆమెను పిలిచేవారు. మొదటి బిడ్డ దక్కక, రెండేళ్ల కిందట హులిగమ్మ తన పుట్టినిల్లు ఎమ్మిగనూరులో రెండో బిడ్డను కన్నప్పుడు, అత్త సుంకమ్మ తిప్పమ్మను బస్సెక్కించి అంతదూరం తీసుకుపోయింది. మగబిడ్డ. తిప్పమ్మ ఎత్తింది. ఎనిమిదో దినాన పోయాడు.

అప్పుడు ఎవరూ కారణం వెదకలేదు. కారణం సిద్ధంగా ఉంది. తిప్ప మీద పెట్టకముందే, పాలిస్తూ, హులిగమ్మ ఆ బిడ్డను "చెన్నా" అని పిలిచింది. సుంకమ్మ తన చెవులారా విన్నది. పేరు పెట్టి పిలిచి చావుకు దారి చూపించిందని నలుగురిలో చెప్పింది. హులిగమ్మ కాదనలేదు. తాను పిలిచిన మాట నిజమే కదా.

"తిప్పక్కా! ఈడుండావా? నీకోసరం వాకిట్లో యెతికి వస్తాండా." సుంకమ్మ తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఒకప్పుడు జిన్నింగు ఫ్యాక్టరీలో ఇద్దరూ ఒకే కుప్ప దగ్గర కూర్చుని పత్తిలో పుల్లలేరినవాళ్లు. "ఎల్లుండికి మూడోదినం. పొద్దు పొడవకముందే తిప్పకాడికి రా. ఈసారి మన ఊరి తిప్పే. ఎమ్మిగనూరు తిప్పను నమ్మి చెడిపోతిమి."

"తిప్పలో ఏముండాదిలే సుంకీ," అన్నది తిప్పమ్మ గుడ్డ పిండుతూ.

"తిప్పలో లేదు. నోట్లో ఉండాది." సుంకమ్మ కోడలివైపు చూడకుండానే అన్నది. "ఈసారి మూసుకోనుండాది, సూసినావా? బుద్ధొచ్చింది."

"వస్తాలే," అన్నది తిప్పమ్మ. పధ్నాలుగు సార్లు అన్నమాటే అది. అలవాటుగా వచ్చింది.

సోమవారం పదిగంటలప్పుడు హాలహర్వి వైపునుంచి ఎద్దులబండిలో ఒక బిడ్డను తెచ్చారు. పుట్టి ఏడు దినాలు. రెండు పూటలుగా పాలు పట్టడం లేదన్నారు. రూతమ్మ చేతులు కడుక్కుని, చిటికెనవేలు బిడ్డ పెదవుల మధ్య పెట్టింది. వేలు లోపలికి పోలేదు. దవడలు రాయిలా బిగిసి ఉన్నాయి. పక్కన ఎవరో స్టీలు పళ్లెం కింద పెట్టిన చప్పుడుకు బిడ్డ ఒళ్లు విల్లులా వెనక్కు వంగింది.

"బొడ్డుకు ఏం పెట్టినారమ్మా?" అని అడిగింది రూతమ్మ. గొంతులో కోపం లేదు.

"పేడబూడిద, సిస్టరమ్మా. మా అవ్వలనాటినుంచీ అదే."

రూతమ్మ సూది వేసింది. గది చీకటి చేయమన్నది. బయటకు వచ్చి, పక్క మంచాలమీది ఆడవాళ్లందరికీ వినపడేట్టు, కానీ మెల్లగా చెప్పింది. పేడలో, పెంటలో, కసువు మన్నులో కంటికి కనపడని విషం ఉంటుంది. పచ్చిబొడ్డు తెరిచిన తలుపులాంటిది. విషం దానిగుండా పోతుంది. పోయిన దినమే ఏమీ తెలియదు. ఏడో దినమో ఎనిమిదో దినమో దవడ బిగుస్తుంది. తల్లి కడుపుతో ఉన్నప్పుడే రెండు సూదులు వేయించుకుంటే బిడ్డకు రక్ష. వేయించుకోని తల్లి బిడ్డకు బొడ్డు ఆరేదాకా మన్ను తగలకూడదు.

తిప్పమ్మ మోకాళ్లమీద ఉంది. తుడిచిన బండనే మళ్లీ తుడుస్తూ ఉంది. ఏడో దినం, ఎనిమిదో దినం. గుడ్డ ఆగిపోయింది. ఎడమచేతి బొటనవేలు మిగతా వేళ్ల కణుపులమీద ఒకటొకటిగా నడిచింది. కోటవీధి బసన్న కొడుకు, ఎనిమిది. రాళ్లు కొట్టే గిడ్డయ్య కూతురు, ఏడు. ఉచ్చీరమ్మ మొదటి బిడ్డ, ఎనిమిది. గానుగ దగ్గరి సిద్దమ్మ బిడ్డ, ఎనిమిది. ఎమ్మిగనూరులో హులిగమ్మ కొడుకు, ఎనిమిది. ఐదో కణుపు దగ్గర బొటనవేలు నిలబడిపోయింది.

మధ్యాహ్నం మూడు గంటలకు హాలహర్వి బిడ్డ పోయాడు. తండ్రి తువ్వాలులో చుట్టుకుని వెళ్లాడు. రిజిస్టరులో పేరు రాయవలసిన చోట రూతమ్మ "మగబిడ్డ" అని రాసింది. పేరు పెట్టే దినం ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం చర్చి వరండాలో బాప్తిస్మం తీసుకోబోయే ఆరుగురికి పాఠం జరిగింది. పాస్టరు దేవదాసు చాలాకాలం బడిపంతులుగా పనిచేసిన మనిషి; చాపమీద కూర్చున్నవారిని కూడా తరగతిలా వరుసలో కూర్చోబెట్టేవాడు. తిప్పమ్మ చివర కూర్చుంది. మూడేళ్లుగా ఆమె ఆసుపత్రి ప్రార్థనను గడప బయట, చీపురు కదపకుండా నిలబడి విన్నది. పోయిన నెలలోనే గడప దాటింది.

"మీరు తల్లి కడుపులో ఉండగానే దేవుడు మిమ్మల్ని ఎరుగును," అన్నాడు దేవదాసు. "కూర్చోవడం ఎరుగును, లేవడం ఎరుగును. మీరు నోరు తెరవకముందే మాట ఎరుగును. ఆయన కంటికి మరుగైన చోటు భూమ్మీద లేదు."

పక్కనున్నవారు తృప్తిగా తలలూపారు. తిప్పమ్మ ఊపలేదు.

"అయ్యగారూ, ఒక మాట."

"అడుగమ్మా."

"తిప్ప మీద పెట్టినబ్బుడు గూడా సూసినాడా నన్ను? ఆయన కంట పడగూడదనే గదప్పా ఆడ పెట్టింది. మొగం కనపడకుండా మా యమ్మ పైన కసువు గూడా కప్పిందంట."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. దేవదాసు నవ్వలేదు.

"చూసినాడమ్మా. దాచిపెట్టిన చోటే చూసినాడు."

"అయితే నేను ఆడ ఎత్తిన బిడ్డలను గూడా సూసినాడు."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. "అన్నీ చూసినాడమ్మా," అని ప్రేమగా చిరునవ్వు నవ్వాడు.

ఆ చిరునవ్వుకు తిప్పమ్మ లేచి నిలబడింది. "నాకొద్దులెప్పా ఆ నీళ్లు. నా పేరు కొట్టెయ్యండి," అన్నది. చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్లు దిగింది.

జిన్నింగు ఫ్యాక్టరీ ప్రహరీ పక్కన రూతమ్మ ఆమెను కలుసుకుంది. చేతిలో తిప్పమ్మ చెప్పులు ఉన్నాయి. లోపల యంత్రాలు ఆడుతున్నాయి. గోడ మీదుగా పత్తి నూగు లేచి దారంతా తెల్లగా పడుతోంది.

"ఎంతమంది?" అన్నది రూతమ్మ. ఉదయం మంచాల మధ్య నేలమీద ఆగిపోయిన గుడ్డను ఆమె చూసింది.

"పధ్నాలుగు మందిని ఎత్తితి. ఐదు మంది పోయిరి." తిప్పమ్మ ఇంటి పేర్లతో, దినాలతో, ఆ దినం ఎండో వానో కూడా చెప్పింది. "సెప్పు సిస్టరమ్మా. నేనే సంపితినా?"

అబద్ధం చెప్పడం రూతమ్మకు రాదు. "కొందరికి బ్లేడు మంచిది కాకపోవచ్చు. కొందరికి ఇంట్లోనే బూడిద పెట్టి ఉండవచ్చు. అందరూ తిప్పవల్లనే పోయారని చెప్పలేను. కాదనీ చెప్పలేను. నీకు తెలియదు, తిప్పమ్మా."

"నాకు తెల్దు. ఆయనకు తెలుసు గదా. తెలిసి సూస్తా ఊరకుండె." ఆమె గోడకు ఆనుకుంది. "నన్నెవరూ ఎరగకుంటేనే బాగుండె."

వాళ్లిద్దరి భుజాల మీద నూగు పడుతూ ఉంది. రూతమ్మ అన్నది: "ఆయన ఎందుకు ఊరకున్నాడో నాకు తెలియదు. ఈ పనిలో ఇరవై ఏళ్లుగా అడుగుతున్నాను. బైబిల్లో ఒక్కటి రాసి ఉంది. పెంటకుప్ప మీద పడి ఉన్నవాళ్లను ఆయన వంగి ఎత్తుతాడట."

"వంగుతాడా?"

"అట్లాగే ఉంది."

తిప్పమ్మ తన చేతులు చూసుకుంది. తిప్పమీద బిడ్డను ఎత్తడం ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? నిలబడి ఎత్తలేరు. ఒక మోకాలు మన్నులో ఆనాలి. ఎడమచెయ్యి మెడ కిందికి పోవాలి. ముఖం బిడ్డ ముఖానికి జానెడు దూరంలోకి రావాలి. అంత దగ్గరికి వచ్చినవాళ్లకు బిడ్డ ఊపిరి తగులుతుంది. యాభై ఏళ్ల కిందట తన ముఖం మీది కసువును తీసిన చెయ్యి ఎవరిదో ఆమె ఎన్నడూ అడగలేదు. తన వెనక, తనకంటె ముందు, మరొకరు అక్కడ మోకాలు ఆనించి ఉన్నారా? ఆమె ఒళ్లు జలదరించింది. అది భయం కాదు. భయంలాగే మొదలై మరొకటిగా మారింది.

"ఆ ఐదుగురినీ ఒక్కచోట నువ్వు తప్ప ఇప్పుడు తలుచుకునేవాళ్లు లేరు," అన్నది రూతమ్మ, చెప్పులు కిందపెడుతూ. "రేపు సుంకమ్మకు నేను చెబితే తల ఊపి, ఆసుపత్రి వాకిలి దాటి, నేరుగా తిప్ప దగ్గరకే పోతుంది. సూదిమందు మాట నాది. తిప్ప మాట నీది. నీ మాటైతే వింటారు."

మంగళవారం తెల్లవారుతూ ఉండగా తిప్పమ్మ తిప్ప దగ్గరకు వచ్చింది. డిసెంబరు చలికి లోపలి వేడి పొగలా పైకి లేస్తోంది. ఒక కోడి కాలితో కెలుకుతోంది. రాత్రంతా పడిన పత్తి నూగు తిప్పనంతా కప్పి, ఎవరో దుప్పటి పరిచినట్టు కనిపించింది. ఆసుపత్రిలో ఉడకబెట్టి ఆరేసిన తెల్లగుడ్డ ఆమె చంకలో ఉంది.

సుంకమ్మ చేటలో బిడ్డను పట్టుకుని వచ్చింది. వెనక హులిగమ్మ, గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ, చంకలో తవుడు మూటతో. ఎడమచెయ్యి నోటికి అడ్డం ఉంది.

"నిలబడు సుంకీ. ఆడ పెట్టొద్దు."

"ఏంటికి?"

"ఈ మన్ను బొడ్డులోకి పోతే ఎనిమిదోదినం దవడ కట్టుకుంటాది. నిన్న నా కండ్లారా సూస్తి."

"ఆ కిరస్తానం మాటలు నాకాడ సెప్పొద్దు. నువ్వు బతికినావు గదే దీనిమీద!"

"నేను బతికినా. ఐదు మంది పోయిరి. బతికిందాన్నే సూపిస్తా తిరిగిరి గానీ, పోయినోళ్లను ఎవరు లెక్కబెట్టిరి?"

సుంకమ్మ ముఖం ఎర్రబడింది. "పెట్టకుంటే రేపు ఇది గూడా పోతే? నువ్వొచ్చి అడ్డం పడుకుంటావా? ఇద్దరు మనవలను పూడ్చినదాన్ని నేను. నీకేం, పిల్లాజెల్లా లేనిదానివి. జరుగు."

ఆమె వంగబోయింది. చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు చూసి తిప్పమ్మకు తెలిసింది: ఇది మొండితనం కాదు. ఈ మనిషికి బిడ్డను కాపాడుకోవడానికి తెలిసిన ఉపాయం ఇదొక్కటే. దాన్ని లాగేసుకుంటే ఆమె చేతిలో ఏమీ మిగలదు.

తిప్పమ్మ గబాలున తిప్ప మీద కూర్చుంది. బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు కూర్చున్నట్టు రెండు కాళ్లూ బారజాపి, మోకాళ్లమీద తెల్లగుడ్డ పరిచింది.

"పారెయ్యాల గదా? ఈడ పారెయ్యి. ఈ తిప్ప మీద పారేసినోళ్లలో అందరికన్నా పాతదాన్ని నేను. నా వొళ్లో పెడితే ఆడ పెట్టినట్లే."

సుంకమ్మ చేటతో అలాగే నిలబడింది. ఆమె పెదవులు కదిలాయి. ఆచారంలో ఎక్కడైనా లోటు వస్తుందేమోనని వెదుకుతూ ఉంది. పారేసిన మనిషి దగ్గర పారేయడం పారేయడం కాదా? లోటు దొరకలేదు. మెల్లగా చేట వంచి బిడ్డను గుడ్డమీదికి జార్చింది.

తిప్పమ్మ ఎడమచెయ్యి మెడ కిందికి పోయింది. బిడ్డ ముఖం మీద సుంకమ్మ కప్పిన పాతచీర ముక్కను తీసి, ముఖాన్ని ఆకాశంవైపు తిప్పింది.

"సూడు సామీ," అన్నది గట్టిగా. "ఇది హులిగమ్మ కూతురు. ఈడుండాది. సూడు."

"కప్పు మే! మొగం కప్పు!" సుంకమ్మ కేక పెట్టింది.

"కప్పను. దాస్తే దాగేది కాదులే." తిప్పమ్మ హులిగమ్మవైపు తిరిగింది. "హులిగీ, ఇట్ల సూడమ్మా. నువ్వు పిల్చినందుకు పోలేదు వాడు. పేరు పెట్టి పిలిస్తే ఎవరూ సావరు. బొడ్డులోకి మన్ను పోయి పోయినాడు. ఆ మన్ను అంటించింది ఈ సేతులు. నీ నోరు కాదు."

హులిగమ్మ చెయ్యి నోటినుంచి కిందికి వచ్చింది. గోడ పక్కనే నేలమీద కూలబడింది. మొదట ఊపిరి మాత్రమే వచ్చింది. తరువాత మాట వచ్చింది.

"చెన్నా," అన్నది. "చెన్నా. చెన్నా."

రెండేళ్లు లోపల దాచుకున్న పేరు అది. సుంకమ్మ ఆమెను ఆపలేదు. గోడవైపు తిరిగి, ఖాళీ చేటను పొట్టకు అదుముకుని నిలబడింది.

కొంతసేపటికి హులిగమ్మ లేచి వచ్చి బిడ్డను తీసుకుంది. తిప్పమ్మ ముఖం చూడలేదు. తవుడు మూట విప్పనూలేదు, ఇవ్వనూలేదు. వచ్చిన దారినే గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

తిప్పమ్మ చీరకు అంటిన నూగు దులుపుకుని పనికి వెళ్లింది. బకెట్టులో ఫినాయిలు పోస్తూ రూతమ్మతో అన్నది: "ఆదివారం వస్తానని అయ్యగారికి సెప్పు. బిడ్డ బతికినా వస్తా, పోయినా వస్తా. ఇంక నన్ను దాచుకోవాల్సిన పని లేదు."

బుధవారం, గురువారం, శుక్రవారం. ఆ మూడు దినాలూ తిప్పమ్మ సుంకమ్మ ఇంటి ముందునుంచి పనికి పోయింది గానీ లోపలికి పోలేదు. అడిగే హక్కు తనకు లేదనుకుంది. బిడ్డ ఏడుపు వినపడితే నడిచేది. వినపడకపోతే వినపడేదాకా వీధి మలుపులో చెప్పు వారు సరిచేసుకుంటూ ఉండేది. శనివారం, అంటే ఏడో దినం, ఏడుపు వినపడలేదు. వారు తెగేదాకా సరిచేసుకుంది. చివరకు చెప్పులు చేతబట్టుకుని ఆసుపత్రికి నడిచింది.

ఆదివారం ఆరుగురూ వరసగా నిలబడ్డారు. దేవదాసు పుస్తకంలో పేర్లు ముందే రాసిపెట్టుకున్నాడు. తిప్పమ్మ వంతు వచ్చింది.

"నీకు శాంతమ్మ అని రాసినానమ్మా."

"తిప్పమ్మ అనే రాయండి అయ్యగారూ."

"అది తిప్ప మీద పెట్టినందుకు పెట్టిన పేరు కదా? దాన్ని విడిచిపెట్టవచ్చు."

"ఆయన నన్ను ఎరిగిండేది ఆడనే గదప్పా. యాడ సూసినాడో ఆ పేరే ఉండనీ."

దేవదాసు రాసినదాన్ని ఒకే గీతతో కొట్టివేసి, పైన తిప్పమ్మ అని రాశాడు. ఆయన దోసిలిలోని నీళ్లు ఆమె నెరిసిన పాపిటమీద పడి, చెవుల వెనకనుంచి మెడ మీదుగా కారాయి. ఆమె తుడుచుకోలేదు.

పాట అయిపోయి బయటకు వచ్చేసరికి మెట్ల కింద హులిగమ్మ నిలబడి ఉంది. భుజాన బిడ్డ. నడుముకు ఆనించి పట్టుకున్న చేటలో అంచుదాకా తవుడు. గేటు అవతల సుంకమ్మ, లోపలికి రాకుండా, కొంగు నెత్తిన వేసుకుని ఉంది.

"నిన్న పొద్దంతా నిద్రపోతానే ఉండె," అన్నది హులిగమ్మ. "నాకేమో భయమాయె. ఈపొద్దు ఎనిమిదోదినం. నువ్వే సూడు, పెద్దమ్మా." ఆమె చేటను మెట్టుమీద పెట్టింది. "ఇది ఆ దినం ఇయ్యలేదు."

గేటు అవతలనుంచి సుంకమ్మ గొంతు వచ్చింది. "తిప్పక్కా! ఎమ్మిగనూరులో ఇచ్చిన మా సిన్నకూతురికి ఆరోనెల కడుపు. ఆ సూది సంగతి నువ్వొచ్చి దానికి సెప్పు. నా మాట ఇనదు అది. నేను నమ్మి సెప్పడంలే, ఆఁ! ఊరికే సెప్తాండా."

"రేపు బస్సుకు పోదాం సుంకీ," అన్నది తిప్పమ్మ, కళ్లు బిడ్డమీదినుంచి తీయకుండా.

కొళాయి దగ్గరకు వెళ్లి చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చింది. రూతమ్మ చేసినట్టే చిటికెనవేలు చాచింది. బిడ్డ పెదవులు మూసుకుని ఉన్నాయి.

"చెన్నమ్మా," అని పిలిచింది హులిగమ్మ, మెట్లమీదున్న అందరికీ వినపడేట్టు. "చెన్నమ్మా, నోరు తెరువు తల్లే."

పెదవులు విడిపోయాయి. వేలు లోపలికి పోయింది. దవడ మెత్తగా దిగి, చిగుళ్లు వేలిని పట్టుకుని, ఒక్కసారి, మళ్లీ ఒకసారి, బలంగా చీకాయి. తిప్పమ్మ పాపిట నుంచి ఒక నీటిబొట్టు బిడ్డ నుదుటిమీద పడింది. బిడ్డ కళ్లు తెరిచి, జానెడు దూరంలో తనమీదికి వంగి ఉన్న ముఖంలోకి నేరుగా చూసింది. తిప్పమ్మ మోకాలు దానంతట అదే మెట్టుమీద ఆనింది.